చెల్లని నాణెం, చెల్లించవలసిన లెక్క

అరబీలో 'సర్ఫ్' అనే మాటకు మార్చడం, మళ్లించడం అని అర్థం. ధనాన్ని ధనంతో మార్చుకునే వ్యవహారానికి ధర్మశాస్త్ర గ్రంథాల్లో అదే పేరు. ఆ పని వృత్తిగా చేసుకున్నవాడు సర్రాఫ్. ఈ మాటే దక్కను బజార్లలో నలిగి నలిగి తెలుగులో 'షరాబు' అయింది. వెనకటి షరాబు తన ముందుకు వచ్చిన రూపాయిని అరచేతిలో ఆడించేవాడు, రాతిమీద మోగించి వినేవాడు, త్రాసులో తూచేవాడు, అనుమానం వస్తే గీటురాయి మీద గీసి చూసేవాడు. మంచిదని తేలితే తన చిన్న ముద్ర ఒకటి దానిపై పొడిచి పంపేవాడు. మొగలుల కాలపు రూపాయల మీద నేటికీ ఆ ముద్రలు కనిపిస్తాయి. ఒక మనిషి చేతి సాక్ష్యం, మూడు వందల ఏళ్ల తరువాత కూడా చెరగకుండా ఉంది.

నేడు పాత నాణేల బజారు ఫోనులోకి వచ్చింది. రాత్రి పదకొండు గంటలకు పడకమీద కూర్చుని వేలంలో పాట పాడవచ్చు. అమ్మేవాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు, నాణెం చేతికి రాదు, మోగించి వినడానికి రాయి లేదు. ఉన్నదల్లా ఒక చిత్రం, నాలుగు వాక్యాల వర్ణన, తరిగిపోతున్న గడియారం. షరాబు లేని బజారులో మోసగాడికి పండుగే.

మదర్సాలో అరబీ, ఫారసీ బోధించే మనిషికి ఈ సంగతులతో ఏమి పని అని పాఠకులు అనుకోవచ్చు. నేను నాణేల వ్యాపారిని కాను, సేకరించే అలవాటూ నాకు లేదు. అయితే మన ప్రాంతపు పాత నాణేల్లో ఎక్కువ భాగం మీద ఉన్నది ఫారసీ లిపి. చదవగలిగినవారు తగ్గిపోయారు. అందువల్ల పాతికేళ్లుగా ఎవరెవరో నా వద్దకు వస్తూనే ఉన్నారు. ముస్లిములూ వస్తారు, హిందూ సోదరులూ వస్తారు. తాతగారి భోషాణంలో దొరికిందని ఒకరు, ఫోనులో కొన్నానని ఇంకొకరు. అక్షరాలు చదివి చెప్పడం మాత్రమే మొదట నా పని. చదువుతూ ఉండగా అక్షరాలే కొన్నిసార్లు నాణేనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం గమనించాను. అలా తెలుసుకున్నవి, తెలిసినవారి వద్ద నేర్చుకున్నవి కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. మన కుటుంబాల కష్టార్జితం ఈ బజారులో పోకుండా ఉండాలన్నదే ఉద్దేశం.

అక్షరం ఇచ్చే సాక్ష్యం

మొగలు నాణేలపై సాధారణంగా రెండు కాలాలు ఉంటాయి. ఒకటి హిజ్రీ సంవత్సరం, రెండవది ఆ పాదుషా సింహాసనం ఎక్కిన నాటినుండి లెక్కించే జులూస్ సంవత్సరం. ఈ రెండూ ఒకదానికొకటి కాపలా కాస్తాయి. షాజహాన్ 1037 హిజ్రీలో గద్దెనెక్కాడు. కనుక అతడి నాణెం మీద 1045 అని ఉంటే జులూస్ సంవత్సరం 8 గాని 9 గాని కావాలి. అక్కడ 15 అని ఉంటే నాణెమైనా అబద్ధం, ఆ అంకె అయినా అబద్ధం. అచ్చు చెక్కే మోసగాడికి ఫారసీ అంకెలు బొమ్మలు మాత్రమే. అతడు ఒక నాణెం ముఖాన్ని మరో నాణెం వెనుకభాగానికి జతచేస్తాడు, లెక్క అక్కడే తప్పుతుంది.

అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా ప్రయోగించరాదు. ఈస్టిండియా కంపెనీ వారు మొగలు పాదుషాల పేరుతోనే చాలాకాలం రూపాయలు ముద్రించారు. ప్రజలకు అలవాటైన సంవత్సరాన్ని మార్చకుండా ఏళ్ల తరబడి అలాగే ఉంచేశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో చెలామణి అయిన ఆర్కాటు రూపాయి మీద రెండవ ఆలంగీర్ పేరు, 1172 హిజ్రీ, 6వ జులూస్ సంవత్సరం ఉంటాయి. ఆ పాదుషా మరణించిన తరువాత కూడా దశాబ్దాలపాటు అదే తేదీతో అవి వెలువడ్డాయి. ముర్షిదాబాదు రూపాయి మీద రెండవ షా ఆలం 19వ సంవత్సరం అలాగే నిలిచిపోయింది. హిజ్రీ అంకె ముందుకు వెళ్లినా ఆ 19 కదలలేదు. తెలియనివాడు ఇటువంటి మంచి నాణేన్ని దొంగదని పారవేయగలడు. అందువల్ల ఏ పాదుషా, ఏ టంకశాల అన్నది ముందు చదవాలి, లెక్క తరువాత.

రెండవ సాక్ష్యం కలిమా. అక్బరు తొలికాలపు నాణేలపైనా, షాజహాన్ నాణేలపైనా కలిమా ఉంటుంది. ఔరంగజేబు రాజ్యానికి వచ్చాక నాణేల మీద కలిమా ముద్రించడం మాన్పించాడు. చేతులు మారుతూ, నేలపై పడుతూ తిరిగే వస్తువు మీద ఆ పవిత్ర వాక్యం అగౌరవం పాలు కారాదన్నది అందుకు చెప్పిన కారణం. కనుక 'ఔరంగజేబు కలిమా రూపాయి, అత్యంత అరుదు' అనే ప్రకటన కనబడితే అక్కడే ఆగాలి. అరుదు అన్న మాటకు అర్థం ఒక్కోసారి అసలెన్నడూ లేకపోవడమే.

మూడవది మరింత సూక్ష్మమైనది. ఔరంగజేబు నాణేలపై ఒక ఫారసీ ద్విపద ఉంటుంది. అందులో ఆయన నాణేన్ని ఆకాశంలోని వెలుగుతో పోల్చారు. వెండి రూపాయి అయితే 'బద్ర్', అనగా పున్నమి చంద్రుడు. బంగారు మొహరు అయితే 'మిహ్ర్', అనగా సూర్యుడు. లోహం మారితే మాట మారుతుంది. ఒక పెద్దమనిషి ఫోనులో కొన్న 'మొహరు' చూపించినప్పుడు దానిపై 'బద్ర్' అని స్పష్టంగా చదివాను. వెండి రూపాయికి బంగారు పూత పూసి అమ్మారు. పూత పూసినవాడు నాణెం రంగు మార్చగలిగాడు గాని, చంద్రుణ్ణి సూర్యుడిగా మార్చలేకపోయాడు.

మన హైదరాబాదు నాణేలకూ ఇటువంటి గుర్తులు ఉన్నాయి. చార్మినారు బొమ్మగల హాలీ సిక్కా రూపాయల్లో మహబూబ్ అలీ ఖాన్ కాలపువాటిలో చార్మినారు ద్వారంలో 'మీమ్' అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్ కాలపువాటిలో 'ఐన్' అక్షరం ఉంటాయి. పాలన మారినది 1329 హిజ్రీలో, అనగా 1911లో. కనుక 1325 తేదీతో 'ఐన్', 1335 తేదీతో 'మీమ్' ఉండడానికి వీల్లేదు. మరో వైపున ఆసఫ్ జాహ్ బిరుదు పైన 92 అనే అంకె కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' అనే నామానికి విలువ అది: మీమ్ 40, హా 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. ఈ 92ను చూపించి '1892 నాటి నాణెం' అని వర్ణించే అమ్మకందారులను నేను చూశాను. తన సరుకును తానే చదవలేనివాడి హామీకి ఎంత విలువ ఇవ్వవచ్చో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఏనుగు, అంకె

బ్రిటిషు రూపాయల్లో మోసం వేరే దారిన నడుస్తుంది. అక్కడ కొత్తగా దొంగ నాణెం పోతపోయడం కన్నా, మామూలు నాణెం మీద ఒక్క అంకెను మార్చడం సులువు.

1911 రూపాయి కథ మన పెద్దలు కొందరికి తెలిసే ఉంటుంది. ఐదవ జార్జి రాజు వస్త్రం మీద హారంలో ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంది. చెక్కినవారు తొండాన్ని మరీ పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించింది. ముస్లిములలో నిరసన పుట్టింది. ప్రభుత్వం ఆ నాణేల జారీని ఆపి, 1912 నుండి ఏనుగును సరిగా దిద్దించింది. ఈ కారణంగా 1911 రూపాయికి సేకర్తల వద్ద ఎక్కువ ధర పలుకుతుంది. 1912లో చివరి 2ను, 1917లో 7ను గీకి 1గా మార్చి అమ్మేవారు బయలుదేరారు. కాని అంకెను మార్చినవాడు ఏనుగును మార్చడు. తేదీ 1911 అని ఉండి, ఏనుగు తొండం నిండుగా, పొడవుగా ఉంటే ఆ తేదీ అబద్ధమని ఏనుగే చెబుతుంది. ఒకనాడు మన సమాజాన్ని నొప్పించిన ఆ చెక్కడపు లోపం నేడు మోసాన్ని పట్టిచ్చే గుర్తుగా మారింది.

1939 నాటి ఆరవ జార్జి రూపాయి ఇంకా అరుదైనది. దానిని 1938 రూపాయి నుండి తయారుచేస్తారు. 8 అంకెలో కింది సున్నకు ఎడమ పక్కను గీకివేస్తే 9 అవుతుంది. 1940 నుండి ప్రభుత్వం రూపాయిలో వెండిని 91.7 శాతం నుండి 50 శాతానికి తగ్గించి, అంచు గాట్ల మధ్య ఒక గాడిని కూడా పెట్టింది. కనుక 1939 అని వ్రాసి ఉన్న రూపాయి అంచులో ఆ గాడి కనిపిస్తే అది తరువాతి కాలపు నాణేన్ని మార్చినదే.

బరువు మరో సాక్షి. బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు, హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాములకు దగ్గర. వాడుకలో అరిగి కొంత తగ్గవచ్చు గాని, పెరగడం అసాధ్యం. బరువు సరిపోయినా లోహం మారవచ్చు. అందుకు నీటి పరీక్ష ఉంది. వంద పైసల వంతు గ్రాము చూపే చిన్న త్రాసు మీద నీటి గిన్నె పెట్టి, అంకెను సున్నా చేసి, దారంతో కట్టిన నాణేన్ని అడుగు తాకకుండా నీటిలో వేలాడదీయాలి. త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగించాలి. 91.7 శాతం వెండి రూపాయికి దాదాపు 10.3 వస్తుంది, సగం వెండి రూపాయికి దాదాపు 9.5, ఇత్తడి బిళ్లకు 8.5 ప్రాంతం. నాణేనికి ఏ హానీ జరగదు. లోహాల కల్తీని నీటి త్రాసుతో తేల్చే విద్యను 515 హిజ్రీలో అల్ ఖాజినీ తన 'మీజానుల్ హిక్మా' గ్రంథంలో విపులంగా వివరించాడు. మన పూర్వీకులకు ఇది కొత్త సంగతి కాదు.

అయస్కాంతం పరీక్షను చాలామంది నమ్ముతారు. అయస్కాంతానికి అతుక్కున్న 'వెండి' వెండి కాదు, ఇది నిజం. అతుక్కోనంత మాత్రాన వెండి అని రుజువు కాదు. ఇత్తడీ అతుక్కోదు, సీసమూ అతుక్కోదు.

చిత్రంలో చూడవలసినవి

ఫోనులో వేలానికి పెట్టిన నాణేన్ని తూచలేము, నీటిలో ముంచలేము. చిత్రాన్నే ప్రశ్నించాలి. రెండు వైపుల చిత్రాలతోపాటు అంచు చిత్రం ఉందా? పోతపోసిన నాణేనికి అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది. మోసగాడు ఆకురాయితో దానిని అరగదీస్తాడు, ఆ గీతలు మిగులుతాయి. ముఖభాగంలో సూదిమొన వంటి చిన్న గుంటలు, సబ్బులా జారిన అక్షరాలు పోతకు గుర్తులు. టంకశాలలో అచ్చుతో కొట్టిన నాణెం మీద అక్షరపు అంచు నిటారుగా తెగి ఉంటుంది.

తేదీ చుట్టూ ఉన్న నేలను ప్రత్యేకంగా చూడాలి. నూరేళ్ల మకిలి నాణెమంతటా ఒకేలా ఉండి, ఒక్క అంకె చుట్టూ మాత్రం నేల మెరుస్తున్నదంటే అక్కడ ఎవరిదో చెయ్యి పడింది. ఒకే అమ్మకందారు వద్ద మూడు 'అరుదైన' నాణేల మీద ఒకే చోట ఒకే గీత కనిపిస్తే ఆ మూడూ ఒకే మూసలో పుట్టిన అన్నదమ్ములు. గీతలు యాదృచ్ఛికంగా పడతాయి, రెండు నాణేలకు ఒకేలా పడవు.

కొందరు ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, ధ్రువపత్రం సంఖ్యతో అమ్ముతారు. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు నాణేలను పరీక్షించి అలా ఇస్తాయి. ఆ పెట్టెలకూ నకళ్లు పుట్టుకొచ్చాయి. పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో స్వయంగా చూసి, అక్కడ నాణెం చిత్రం ఉంటే దానితో గీత గీతకూ సరిపోల్చుకోవాలి. సంఖ్య నిజమైనంత మాత్రాన చాలదు, నిజమైన సంఖ్యను దొంగ పెట్టె మీద అచ్చువేయడం కష్టమేమీ కాదు.

ఇక మాటలు. 'నాకు నాణేల సంగతి తెలియదు, ఉన్నదున్నట్లు అమ్ముతున్నాను, తిరిగి తీసుకోబడదు' అన్న వాక్యం కింద లక్ష రూపాయల నాణెం ఉంటే ఆలోచించాలి. తెలియనివాడికి అది లక్ష అని ఎలా తెలిసింది?

వేలంలో దొంగ పాట

మదర్సాలో క్రయవిక్రయాల అధ్యాయం చెప్పేటప్పుడు విద్యార్థులు కొన్ని మాటలను పాతకాలపు ఒంటెల సంతకు సంబంధించినవిగా భావిస్తారు. 'నజష్' అటువంటి మాట. కొనే ఉద్దేశం లేకుండా, ఇతరులను రెచ్చగొట్టి ధర పెంచడం కోసం పాట పాడడాన్ని నజష్ అంటారు. దైవప్రవక్త (సఅసం) దానిని నిషేధించారు. నేటి ఫోను వేలంలో జరుగుతున్నది అక్షరాలా అదే. అమ్మేవాడే మారు పేర్లతో రెండు మూడు ఖాతాలు తెరిచి తన నాణేనికి తానే పాట పెంచుతాడు. ఒక పేరు అతడి వేలాలన్నింటిలోనూ పాడుతూ, చివరి నిమిషంలో ఎప్పుడూ వెనక్కి తగ్గుతూ ఉంటే అది దొంగ పాటకు లక్షణం. దీనికి మందు ఒక్కటే. వేలం మొదలు కాకముందే మన గరిష్ఠ ధర కాగితం మీద వ్రాసుకుని, దానిని దాటకుండా ఉండడం.

'ఖియారుర్రూయత్' మరో మాట. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత ఉంచుకునే, తిప్పి పంపే హక్కు కొనుగోలుదారుకు ఉంటుందని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. వస్తువులో దాచిన లోపం బయటపడితే తిప్పి పంపే హక్కును 'ఖియారుల్ ఐబ్' అంటారు. వాపసు నిబంధన లేని చోట అరుదైన నాణెం కొనవద్దని నేను చెప్పడానికి ఆధారం ఇదే. వెండి బంగారాలను ధనంతో మార్చే వ్యవహారానికి చేతికి చెయ్యి అన్న ప్రత్యేక నియమాలూ ఉన్నాయి. వాయిదాలతో కొనదలచినవారు ముందుగా తమకు దగ్గరలోని ముఫ్తీగారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఒక్క అంకె

రెండేళ్ల క్రితం నా పాత విద్యార్థి ఒకడు అసర్ నమాజు తరువాత వచ్చాడు. ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. చెల్లెలి పెళ్లికి కూడబెట్టిన దానిలోనుండి 42,000 రూపాయలు పెట్టి వేలంలో 1939 రూపాయి కొన్నాడు. అసలు ధరలో చిన్న భాగానికే దొరికిందనీ, తిరిగి అమ్మితే పెళ్లి ఖర్చు మొత్తం వస్తుందనీ అతడి లెక్క. కొనబోయేవాడు ఒకడు దొరికాడు కూడా. పక్క జిల్లాలో రిటైరైన ఉపాధ్యాయుడట.

ఇద్దరం కిటికీ వద్ద కూర్చుని చూశాము. బరువు సరిపోయింది. నీటి పరీక్షలో 10.3 వచ్చింది. అంచు గాట్లు ఉండవలసినట్లే ఉన్నాయి. అతడి ముఖం వికసించింది. ఫోన్లు బాగుచేసే కంటి భూతద్దం అతడి జేబులోనే ఉంది. తేదీ చూడమన్నాను. చాలాసేపు చూసి తల ఎత్తకుండానే, "మౌలానా సాబ్, తొమ్మిది కింద నేల గీకి ఉంది" అన్నాడు. నేనూ చూశాను. తొమ్మిది ఎడమ పక్కన లోహం కొద్దిగా పల్లమై, సన్నని అడ్డగీతలతో ఉంది. 8 తాలూకు మిగిలిన మొదలు ఒకటి స్పష్టంగా కనిపించింది. వెండి నిజం, బరువు నిజం, రాజు బొమ్మ నిజం. అబద్ధమంతా ఒక్క అంకెలో ఉంది.

అమ్మినవాడికి సందేశం పంపాడు. వాపసు లేదని జవాబు, మరునాటికి ఆ ఖాతాయే లేదు. అప్పుడు అతడు నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "హజ్రత్, ఇది వెండే కదా. ఆ మాస్టారు చూసి ఇష్టపడే కొంటున్నాడు. నేను 1939 అని నోటితో చెప్పను. నాణెం మీద ఏముందో ఆయనే చదువుకుంటాడు. ఇందులో నా పాపం ఏముంది?"

కోపగించుకోవడం తేలిక. అతడి ఇంట్లో పెళ్లి ఉంది, చేతిలో డబ్బు పోయింది. నేను అతడికి పాఠమే గుర్తుచేశాను. మన ఫిఖ్‌హ్ గ్రంథాల్లో చెడ్డ దిర్హముల గురించి వేరుగా చర్చ ఉంది. ఖజానా తిరస్కరించినా వర్తకులు పుచ్చుకునేవి 'జుయూఫ్'. వర్తకులూ తిరస్కరించేవి 'నబహ్రజ'. కల్తీయే ఎక్కువ పాలైనవి 'సత్తూఖ'. ఆ విభజన ఉన్నది పుచ్చుకునేవాడి హక్కును కాపాడడానికి. ఏ తరగతిదో చెప్పి ఇచ్చినప్పుడే వ్యవహారం శుద్ధమవుతుంది. "నీ నాణెం మీద అంకె నీ నోరు కన్నా గట్టిగా మాట్లాడుతోంది. అది అబద్ధమని తెలిసి నువ్వు మౌనంగా ఉంటే, ఆ మౌనం నీ మాటే" అన్నాను.

ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఈ సమస్యను ఎంతో లోతుగా చూశారు. దొంగతనం ఒకసారి జరిగి ముగుస్తుంది, చెడ్డ నాణెం మాత్రం చెయ్యి మారిన ప్రతిసారీ కొత్త అన్యాయం చేస్తుంది, దానిని చెలామణిలో పెట్టినవాడు మరణించిన తరువాత కూడా దాని పాపం నడుస్తూనే ఉంటుందన్నది ఆయన వివరణ సారాంశం. అటువంటిది చేతికి వస్తే ఎవరికీ అందని బావిలో పారవేయమన్నారు. వర్తకుడు నాణేల పరిజ్ఞానం సంపాదించవలసింది తాను మోసపోకుండా ఉండడానికే కాదనీ, తెలియక మరొకరికి అంటగట్టకుండా ఉండడానికి అనీ కూడా చెప్పారు. ఈ రెండవ మాట దగ్గర నా విద్యార్థి చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు.

వారం తరువాత ఫోను చేశాడు. ఆ మాస్టారుకు ఉన్న విషయం ఉన్నట్లు చెప్పాడట. ఆయన కొనలేదు సరికదా, పది నిమిషాలు ధన్యవాదాలు చెప్పారట. నాణేన్ని ఒక కంసాలి వద్దకు తీసుకువెళ్లి, సంగతి చెప్పి, వెండి ధరకు ఇచ్చి, తన కళ్లముందే కరిగించమన్నాడు. 42,000 పెట్టిన చోట చేతికి వచ్చింది పదిన్నర గ్రాముల వెండి ధర. పెళ్లి కొంత తగ్గించి, మసీదులోనే జరిపించారు. నష్టం పూడలేదు. ఆ అంకె మాత్రం మరో ఇంటికి వెళ్లలేదు.

ఇంట్లో పాత నాణేలు ఉన్నవారికి

కొనేవారి సంగతి ఇలా ఉంటే, అమ్మదలచినవారిని మోసగించే ముఠాలు వేరే ఉన్నాయి. మా వీధిలో ఒక వృద్ధురాలు రాగి బిళ్ల ఒకటి తెచ్చి చూపించింది. ఒక వైపు మక్కా మదీనా బొమ్మలు, 786 అంకె. రెండవ వైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818. ఫోనులో ఎవరో దానికి 25 లక్షలు ఇస్తామన్నారు, ముందుగా 8,500 రిజిస్ట్రేషన్ రుసుము కట్టమన్నారు. ఆమె గాజులు కుదువ పెట్టడానికి సిద్ధమైంది. "ఖాలా, ఇది నాణెం కాదు, ఎవరో తరువాత తయారుచేసిన బిళ్ల" అని చెబితే మొదట నమ్మలేదు. "అల్లాహ్ ఇంటి బొమ్మ ఉన్నది అబద్ధం ఎలా అవుతుంది మౌల్వీ సాబ్?" అంది.

ఆమె ప్రశ్న అమాయకమైనదే గాని, మోసగాడి వ్యాపారమంతా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. కంపెనీ తన నాణేలపై తన చిహ్నాలు ముద్రించుకుంది. 1804 నాటి బొంబాయి రాగి నాణెం మీద త్రాసు, 'అదల్', అనగా న్యాయం అనే అరబీ మాట ఉంటాయి. కాబా బొమ్మతోగాని, రాముడు, హనుమంతుడి బొమ్మలతోగాని కంపెనీ నాణేలు వేయలేదు. ఆ దేవతల బిళ్లలతో మన హిందూ సోదరులను, మక్కా బిళ్లలతో మనలను ఒకే ముఠా ఒకే పద్ధతిలో దోచుకుంటోంది. బియ్యాన్ని ఆకర్షించే మహిమగల రాగి నాణెం అని మన రెండు రాష్ట్రాల్లో జరిగే 'రైస్ పుల్లర్' మోసమూ ఇటువంటిదే. రాగికి బియ్యాన్ని లాగే శక్తి లేదు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, బిళ్లలో అయస్కాంతం దాచి చూపిస్తారు.

పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరును వాడుకుని రుసుములు, కమిషన్లు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. తాను అటువంటి వ్యవహారాలు చేయననీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ స్పష్టం చేసింది. కనుక మన వస్తువు కొనేవాడు మననే ముందుగా డబ్బు కట్టమంటే సంభాషణ అక్కడితో ముగించాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

నాణెం నిజమైనదా అని తెలుసుకోవాలంటే ముందు నిజమైనదాన్ని కళ్లారా చూసి ఉండాలి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలోనూ, సైఫాబాదు పాత టంకశాలలో 2022లో ప్రారంభమైన మ్యూజియంలోనూ పాత నాణేలను చూడవచ్చు. పిల్లలను తీసుకువెళ్లండి. పాత నాణెం ఇంట్లో ఉంటే చింతపండుతో తోమకండి, తోమిన నాణేనికి విలువ పోతుంది. నేలలో దొరికినదైతే దాచుకోవడం చట్టరీత్యా నేరం, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, విదేశాల్లోని బంధువులకు పంపరాదు.

తెలుగులో నాణెం, నాణ్యం అనే మాటలు పక్కపక్కనే పుట్టినట్లు వినబడతాయి. నాణెం నాణ్యతను భూతద్దం, త్రాసు, నీళ్లు తేలుస్తాయి. మోసపోయిన నాణెం చేతిలో ఉండి, కొనేవాడు ఎదురుగా నిలబడి, ఇంట్లో అవసరం తరుముతున్న వేళ మనిషి నాణ్యత తేలుతుంది. ఆ వేళ మన పిల్లలలో ఎవరికి వచ్చినా, వారు ఆ అంకెను తమ వద్దనే ఆపివేయగలిగే స్థైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.